లిస్బన్ నుంచి హెల్సింకి గంటన్నర

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. మీరు నమ్మరని తెలుసు కాబట్టి ప్రమాణం చేసి మరీ చెబుతున్నాను. దేవుడి మీద ఒట్టు పెట్టను. ఆయన దగ్గర నా ఫైళ్ళు ఇప్పటికే రెండు మూడు తెరిచి ఉన్నాయి. సిడ్నీ విమానాశ్రయంలో క్వారంటైన్ వాళ్ళ ముందు పెట్టె విప్పి, ఫారంలో రాసి, వాళ్ళు వాసన చూసి తుమ్మి వదిలేసిన మాగాయ జాడీ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. అంతకంటే పవిత్రమైన వస్తువు మా ఇంట్లో లేదు.

నేను యూరప్ వెళ్ళలేదు. కానీ సిడ్నీ శివార్లలో మా రౌస్ హిల్‌లో ఉన్న తెలుగువాళ్ళలో యూరప్ గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా పదకొండేళ్ళుగా నన్నే అడుగుతున్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

ఒక ఆదివారం మా వీధి చివర అంకుల్ వాళ్ళింట్లో భోజనాలు. అంకుల్ అంటే చుట్టం కాదు. నలభై ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే రిటైరైన డాక్టరు. ఆంటీ ఇక్కడి హైస్కూల్లో పాతికేళ్ళు లెక్కలు చెప్పింది. ఈ ఊళ్ళో మాకు పెద్దదిక్కు వాళ్ళే. ఆ రోజు అప్పుడే యూరప్ తిరిగొచ్చిన ఒక జంట ఏడు వందల ఫోటోలు చూపిస్తున్నారు. నాలుగు వందలు దాటేసరికి నా పప్పన్నం చల్లారిపోయింది, ఒళ్ళు మాత్రం వేడెక్కింది. నోరు తెరిచాను.

"ఇదేం చూశార్లెండి. నేను లిస్బన్ నుంచి హెల్సింకి వెళ్ళినప్పుడు చూడాలి."

ఆ రెండు ఊళ్ళే ఎందుకంటే, స్కూల్లో మ్యాపు మీద ఒకటి ఎడమచేతి వైపు కింది మూల, ఇంకోటి కుడిచేతి వైపు పై మూల ఉండేవి. మూలల్లో ఉన్నవాటి జోలికి ఎవరూ వెళ్ళరు. అనుభవంతో చెబుతున్నాను, అబద్ధాన్ని ఎప్పుడూ మూలకే పెట్టాలి.

"ఎంతసేపయ్యా ప్రయాణం?" అన్నారు అంకుల్.

"గంటన్నర. లిస్బన్‌లో కిటికీ సీటులో కూర్చోగానే కప్పులో పోసిన కాఫీ హెల్సింకిలో దిగేటప్పుడు కూడా ఊదుకుని తాగాల్సొచ్చింది అంకుల్. దేశం దాటినప్పుడల్లా ఎయిర్‌హోస్టెస్ పేరు పెట్టి అరిచేది, మన ఎర్రబస్సు కండక్టరులాగా. స్పెయిన్, స్పెయిన్, దిగేవాళ్ళున్నారా!"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు నమ్మారు కూడా. అది ఆస్ట్రేలియా మహిమ. మేం రౌస్ హిల్ నుంచి కాన్‌బెర్రా దాకా, అక్కడి గంగాలిన్‌లో ఉన్న తోడల్లుడింటికి వెళ్ళాలంటేనే కారులో మూడు గంటలు. దారిలో రెండు పెట్రోలు బంకులు, చచ్చిన కంగారూలు తప్ప ఏమీ తగలవు. కాబట్టి యూరప్ అంటే ఒక దేశంలో తుమ్మితే పక్క దేశంవాడు చిరంజీవ అంటాడని ఇక్కడ అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద నేను ఒక చిన్న విమానం దింపాను, అంతే.

మా ఆవిడ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. పరాయి ఇంట్లో, చప్పుడు చేస్తూ. ఎందుకంటే అసలు సంగతి తెలిసినది తనొక్కతే. ఆ కాఫీ, ఆ కిటికీ సీటు అన్నీ నిజమే. కాకపోతే అది సిడ్నీ నుంచి పెర్త్ వెళ్ళిన విమానం. పక్క సీటులో కూర్చున్నది తనే.

అలా పదకొండేళ్ళు గడిచాయి. పోయిన మే నెలలో ఆంటీ ఫోన్ చేసింది.

"నాయనా, ఆ లిస్బన్ హెల్సింకి విమానం గంటన్నరే కదూ?"

"గంటన్నరే ఆంటీ." నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాణ్ణి.

"బతికించావు. అయితే వెళ్తాను."

విషయం ఏమిటంటే, అంకుల్ మెడికల్ కాలేజీ బ్యాచ్ వాళ్ళంతా జూన్‌లో లిస్బన్‌లో కలుసుకుంటున్నారు. డెబ్భై దాటిన డాక్టర్లు ఎక్కడో ఒకచోట చేరి ఒకరి షుగరు ఒకరు కనుక్కోవడం ఏటా జరిగేదే. వాళ్ళ అమ్మాయి ఉద్యోగం హెల్సింకిలో. ఆ అమ్మాయికి జూన్ చివర్లో పురుడు. మొదటి కాన్పు. అల్లుడు మంచివాడేగానీ, అన్నం వండమంటే ముందు యూట్యూబ్ తెరిచే రకం. తల్లి పక్కన ఉండాలి. లిస్బన్ దాకా ఎలాగూ వెళ్తున్నారు, అక్కడినుంచి ఒక్క విమానం.

ఆ ఒక్క విమానం దగ్గరే చిక్కు. ఆంటీకి పెద్ద విమానం అంటే భయం లేదు. "అది కదిలే కల్యాణమండపం. నడవచ్చు, పడుకోవచ్చు, వెనక్కి వెళ్ళి కాఫీ అడగచ్చు" అంటుంది. చిన్న విమానం మాత్రం షేర్ ఆటో అట. షేర్ ఆటోలో ముక్కూ మొహం తెలియని దేశాల మీదుగా ఎంతసేపు? గంటన్నర అయితే ఫరవాలేదు. "గంటన్నర అంటే రెండు పీరియడ్లు. పాతికేళ్ళు నిలబడ్డదాన్ని, రెండు పీరియడ్లు కూర్చోలేనా" అంది. అంటే నేను ఏ వంకాయ కూర ముందో ఊదిన మాట మీద ఒక పురుడు ఆధారపడి ఉంది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి మెట్రోలో వస్తుంటే వాళ్ళమ్మాయి ఫోన్. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నేను వచ్చిన కొత్తలో స్కూల్ యూనిఫాంలో ఉండేది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"అంకుల్, ఇట్స్ ఫోర్ అవర్స్ ఫార్టీ. నాట్ నైంటీ మినిట్స్. మీరు అమ్మకి ఏం చెప్పారు?"

"అప్పట్లో విమానాలు స్పీడుగా వెళ్ళేవమ్మా."

"అంకుల్!"

"సరే సరే."

"తను ఎస్ అన్నదే మీ నైంటీ మినిట్స్ మీద. ఇప్పుడు తెలిస్తే క్యాన్సిల్ చేస్తుంది. నేనెవరికీ చెప్పలేదు, బట్ ఐయామ్ స్కేర్డ్. ఐ వాంట్ మై మమ్. ప్లీజ్ ఫిక్స్ ఇట్."

ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల, పెద్ద ఉద్యోగం, గొంతు మాత్రం ఆ స్కూల్ యూనిఫాం నాటిదే. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అంకుల్ వాళ్ళింట్లో వంటింటి బల్ల చుట్టూ చేరాం. అంకుల్, ఆంటీ, నేను, మా ఆవిడ. పంచదార డబ్బాకి ఆనించిన ట్యాబ్లెట్‌లో వాళ్ళమ్మాయి. బల్ల మీద విమానం టైముల ప్రింటు ఒకటి, ఇండియన్ కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండరు ఒకటి.

ముందు రోజు తేలాలి. సోమవారం దాకా అంకుల్ మీటింగు. మంగళవారం ఆంటీ గడప దాటదు. గురువారం అష్టమి, శుక్రవారం నవమి. ఆ తర్వాత డాక్టరిచ్చిన తేదీ దగ్గరపడుతుంది. మిగిలింది బుధవారం.

"బుధవారం ఉత్తరానికి శూల కదయ్యా?" అంది ఆంటీ.

"హెల్సింకి ఉత్తరం కాదాంటీ, ఈశాన్యం."

ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం అది. నాకే కొత్తగా అనిపించింది.

బుధవారం నేరుగా వెళ్ళే విమానం ఒక్కటే ఉంది. లిస్బన్‌లో మధ్యాహ్నం రెండింటికి లేస్తుంది. క్యాలెండరులో బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. అరగంట తేడాతో బయటపడ్డాం అనుకున్నాను. అంతలో ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని ప్రింటు దగ్గరికి లాక్కుంది. లెక్కల టీచరు చేతికి కాగితం వస్తే ఎర్ర సిరా వాసన వస్తుంది.

"లేచేది రెండింటికి. దిగేది ఎనిమిదీ నలభైకి. ఆరు గంటల నలభై నిమిషాలు. గంటన్నర ఎక్కడుందయ్యా ఇందులో?"

ట్యాబ్లెట్‌లోంచి వాళ్ళమ్మాయి, "మా, టైం డిఫరెన్స్ టూ అవర్స్. సో ఫోర్ ఫార్టీ" అంది. అని నావైపు చూసింది. అంటే, తన కెమెరా వైపు.

నేను కాగితం అందుకున్నాను. "చూడండాంటీ. ఆరూ నలభైలో దేశాల తేడా రెండు గంటలు తీసెయ్యండి. ఇది జూన్ కదా, ఎండాకాలమని గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఆ డేలైట్ సేవింగ్ కింద అక్కడొక గంట, ఇక్కడొక గంట, మొత్తం రెండు గంటలు తీసెయ్యండి. ఎంతయింది?"

"రెండూ నలభై."

"రన్‌వే మీద అటూ ఇటూ తిప్పుతారు, అదొక గంటా పది. తీసెయ్యండి."

"గంటన్నర," అన్నారు అంకుల్ ఆశ్చర్యంగా. నలభై ఏళ్ళు ఆయన చేతుల్లో పడ్డ రోగుల్ని తలుచుకుని నాకు జాలేసింది.

ఆంటీ తల ఎత్తలేదు. "మరి ఆ రాహుకాలం ఏ ఊరిది?" అంది.

"బుధవారానిదాంటీ."

"బుధవారం ఊరు కాదు నాయనా. క్యాలెండరులో ఉన్నది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకే లెక్క. పగలుని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగం గంటన్నర. బుధవారం అయిదో భాగం రాహువుది. లిస్బన్‌లో జూన్‌లో పగలెంత?"

వాళ్ళమ్మాయి వెతికి చెప్పింది. దాదాపు పదిహేను గంటలు, పొద్దు పొడిచేది ఆరూ పదికి. ఆంటీ పెన్సిలు తీసుకుంది. ఎనిమిదితో భాగించింది. నాలుగుతో గుణించింది. ఆ అంకెలు వేసే చెయ్యి చూస్తే సిడ్నీలో సగం మంది పిల్లలు ఎందుకు లెక్కల్లో బాగుపడ్డారో, మిగతా సగం ఎందుకు భయపడి పారిపోయారో అర్థమవుతుంది.

"ఒకటీ నలభై నుంచి మూడున్నర దాకా."

"గంటా యాభై నిమిషాలా! అక్కడ రాహువుకి ఓవర్‌టైమా?" అన్నారు అంకుల్.

"మీరూరుకోండి." పెన్సిలు కింద పెట్టింది. "నట్టనడి రాహుకాలంలో లేస్తుంది ఆ విమానం. పైగా ఎంతసేపో ఈయనకే తెలియదు. పురిటికి వెళ్ళే ప్రయాణం ఇది. సరదాకి వెళ్ళేదయితే వేరే సంగతి. ఏదన్నా అయితే జన్మంతా అదే అనుకోవాలి. నేను రాలేనే తల్లీ. మీ నాన్నగారు వస్తారు."

ట్యాబ్లెట్‌లో పిల్ల తల పక్కకి తిప్పుకుంది. బొమ్మ ఆగిపోయిందేమో అని అంకుల్ తెర మీద వేలితో కొట్టారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. "ఆంటీ, తప్పు నాది. నేను యూరప్ ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ కాఫీ, ఆ కిటికీ, అదంతా పెర్త్ విమానం. మీ అందరినీ పదకొండేళ్ళు మోసం చేశాను. శిక్ష నాకు వెయ్యండి, పిల్లకి వద్దు" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తే అదొక గొప్ప దృశ్యం.

ఆంటీ నన్ను తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పెర్తా?" అంది.

"పెర్తే ఆంటీ."

"లిస్బన్ నుంచి హెల్సింకి దూరం ఎంతే?" అని కూతుర్ని అడిగింది.

పిల్ల ముక్కు తుడుచుకుని వెతికింది. "అబౌట్ త్రీ థౌజండ్ త్రీ హండ్రెడ్ కిలోమీటర్స్. కొంచెం ఎక్కువ."

"మరి సిడ్నీ నుంచి పెర్త్?"

ఈసారి వెతకడానికి కొంచెంసేపు పట్టింది. "మా… ఆల్మోస్ట్ ద సేమ్."

నేనూ ఉలిక్కిపడ్డాను. పదకొండేళ్ళు అబద్ధమాడి, దూరం విషయంలో అనుకోకుండా నిజం చెప్పానన్నమాట. నాకు అంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

"పెర్త్‌కి మా చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళాను, దాని గృహప్రవేశానికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు అయిదు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు. ఆ విమానమూ షేర్ ఆటోయే. ఏం చేశానండీ నేను అందులో?"

"గురక పెట్టావు," అన్నారు అంకుల్. "పులిహోర తిని విష్ణుసహస్రనామం మొదలుపెట్టావు. వంద నామాలు దాటలేదు. ముందు సీటు తెల్లాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు."

"ఇదీ అంతే కదా అయితే. కింద ఎడారికి బదులు దేశాలుంటాయి, అంతేగా. దానికి గంటన్నర, గాడిదగుడ్డు అని కథలెందుకయ్యా? పెర్త్ అంత దూరం ఆంటీ అని ఒక్క ముక్క చెబితే పోయేదానికి!"

వాళ్ళమ్మాయి ఏడుస్తూ నవ్వింది. "మరి రాహుకాలం, మా?"

ఆంటీ అప్పటికే దాని సంగతి ఆలోచించేసింది. "ప్రస్థానం పెడతాను" అంది.

పిల్లకి ఆ మాట తెలియదు. ఆంటీ విడమరిచి చెప్పింది. మంచి టైముకి మనం కదల్లేకపోతే మన సామానులో ఒకటి ఆ టైముకి ఇల్లు దాటించి వేరేచోట పెట్టాలి. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనం ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఆ వస్తువుని మాత్రం మళ్ళీ ఇంట్లోకి తేకూడదు, వెళ్ళేటప్పుడు దారిలో తీసుకుపోవాలి.

"సో యు చెక్ ఇన్ యువర్ బ్యాగ్ ఎర్లీ," అంది పిల్ల.

"అదే. మనవాళ్ళు విమానాలు రాకముందే కనిపెట్టారు."

"లిస్బన్‌లో ఎవరింట్లో పెడతావు?" అన్నారు అంకుల్.

"హోటల్లో కింద సామాన్ల గది ఉంటుందిగా. గది దాటితే చాలు."

జూన్‌లో వెళ్ళారు. బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆంటీ స్నానం చేసి, చేతిసంచీకి కుంకుమ బొట్టు పెట్టి, లిఫ్టులో కిందికి తెచ్చి కౌంటరులో కుర్రాడికి అప్పగించింది. వాడు ట్యాగు కట్టి, సగం చింపి చేతికిచ్చాడట. ఆంటీ ఆ చీటీ కళ్ళకద్దుకుంది. వాడూ తన దగ్గరున్న సగాన్ని కళ్ళకద్దుకున్నాడట. అంకుల్ బీపీ మాత్రలు ఆ సంచీలోనే ఉండిపోయాయి. పైకి తేకూడదు కాబట్టి ఆయన కిందికి దిగి, సామాన్ల గది గుమ్మంలో నిలబడి మాత్ర మింగి వచ్చారు. రెండింటికి, నట్టనడి రాహుకాలంలో, విమానం లేచింది. ఆంటీ నిద్రపోయింది. పదకొండు రోజులకి ఆడపిల్ల పుట్టింది. పురుడయ్యేదాకా కూతురి చెయ్యి ఆంటీ చేతిలోనే ఉందట.

"షి స్లెప్ట్ త్రూ సెవెన్ కంట్రీస్, అంకుల్. థాంక్యూ" అని నాకు మెసేజ్ వచ్చింది. ఆ థాంక్యూ చూసినప్పటినుంచి నాకు సరిగా తిండి సయించడం లేదు. అందుకే ఇది రాశాను, అందుకే ఇప్పుడు ఒక సవరణ.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. నేను లేచి నిలబడలేదు. చేతులు కట్టుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరగడం మాట అటుంచండి, అసలు ఆ సమయానికి నేను ఆ వంటింట్లోనే లేను. "నేను రాలేనే తల్లీ" అని ఆంటీ అనగానే, ఆఫీసు నుంచి ఫోను అని చెప్పి గరాజ్‌లోకి వెళ్ళిపోయాను. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు ఏమిటని ఎవరూ అడగలేదు. అంకుల్ బార్బెక్యూ పక్కన నిలబడి, మోగని ఫోను చెవికి పెట్టుకుని, పిల్ల తల తిప్పుకోవడం గుర్తొచ్చి, నిజం చెప్పేద్దామా అని ఒక నిమిషం, ఇంకేం అబద్ధమాడదామా అని తొమ్మిది నిమిషాలు ఆలోచించాను. ఆ పది నిమిషాల్లో నిజం చెప్పింది మా ఆవిడ. పెర్త్ అన్నది తను. దూరాలు వెతికించిందీ తనే. ప్రస్థానం దాకా వాళ్ళ మాటలన్నీ నేను లేకుండానే జరిగాయి. తర్వాత ఇంటికి నడిచొస్తూ మా ఆవిడ నోట విని, మధ్యలో నన్ను దూర్చుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి అందరూ టీ తాగుతున్నారు. మొహాలు ప్రశాంతంగా ఉన్నాయి. ఇదే అదను అనుకుని, పడమటి నుంచి తూర్పుకి వెళ్ళే విమానాన్ని వెనకనుంచి తోసే గాలి గురించి మొదలుపెట్టాను. ఆ గాలి యూరప్ మీద ఎంత బలంగా ఉంటుందో, నేను వెళ్ళిన రోజు రెక్కలు ఎలా ఊగాయో, పైలట్ ఇంజిన్ ఆపేసి గాలికే వదిలేసి మా మధ్యకొచ్చి ఎలా కూర్చున్నాడో, అంతా చెప్పాను. ఒక్కరూ అడ్డురాలేదు. అంకుల్ మధ్యలో రెండు డౌట్లు కూడా అడిగారు. తెరలో పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ బిస్కెట్ల పళ్ళెం నా ముందుకి జరిపింది.

నేను ఆయాసపడి ఆగాక ఆంటీ టీ కప్పు కింద పెట్టి, చాలా శ్రద్ధగా అడిగింది.

"పెర్త్‌లో కూడా గాలి ఇలాగే తోస్తుందా నాయనా?"